ముసురు పట్టని వానకాలం

అగో, మల్ల చిక్కుడుకాయల దిక్కే చూస్తున్నవు. చూడు వదినె, చూడు. నా మొఖం కంటె అవే మంచిగున్నయేమో.

దంతాలపల్లిల పొద్దుగాల బస్సెక్కిన. తొర్రూరుల దిగి ఇంకో బస్సు పట్టిన. జనగామల దిగినంక నీ ఇల్లు యాడున్నదో తెల్వక గా సందుల గీ సందుల తిరిగి, ఒక కిరాణం కొట్టాయన తొవ్వ చూపిస్తె వచ్చిన. ఇగ గీ మెట్లు. గింత మీద ఎవలన్న ఇల్లు కిరాయికి తీసుకుంటరా? యుగేందర్‌కు కింద అర్రలే దొరకలేదా? మోకాళ్లు పట్టుకోని ఎక్కిన. నువ్వేమో దర్వాజ తీసి "రా వదినె" అన్నవు, చాయ పెట్టినవు, చిక్కుడుకాయలు ముంగటేసుకోని కూసున్నవు. గంతేనా?

కోడలు లేదా? అక్షిత డ్యూటికి పోయిందా. మంచిదే. ఇద్దరమే ఉంటె మాట్లాడతందుకు వీలయితది.

ఏడాది కావస్తున్నది వదినె. ఒక్క ఫోన్ చెయ్యకపోతివి. నేను చేస్తె యుగేందర్ ఎత్తుతడు. అమ్మ పండుకున్నదత్తా అంటడు. ఇంకోపారి చేస్తె అమ్మ గుడికి పోయిందత్తా అంటడు. పండుకునుడు, గుడికి పోవుడు, గీ రెండే పనులా నీకు? ఊర్లె ఉన్నప్పుడు కోడి కంటె ముందు లేసెటిదానివి. గుడి దిక్కు ఉగాదికి ఒక్కపారి చూసెటిదానివి.

సరే, మాట్లాడకు. నేనే మాట్లాడుత. వినెటోళ్లు లేక నా నోరు మూతపడ్డది, ఇయ్యాల జర తెరవనియ్యి.

మీ అన్న ఉన్నడు గదా అంటవా? ఉన్నడు. మీ అన్న చేతికి పెద్ద ఫోనొచ్చింది, అల్లుడు కొనిచ్చిండు. ఇగ పొద్దున లేస్తె మొగులును గూడ ఫోన్లనే చూస్తడు. తలెత్తితె మీదనే ఉన్నది గద మొగులు, చూడడు. ఇయ్యాల అరవై శాతం వానున్నదే అంటడు. అరవై శాతమంటె ఎంతయ్యా, చీలమండల దాకనా మోకాళ్ల దాకనా అని అడిగిన. నవ్వుకుంట బయటికి పోయిండు.

ఎండకాలంల ఒకనాడు వాన ముచ్చటే లేదన్నడని వాకిట్ల ఎండుమిరపకాయలు పోసిన. అర్ర ఊడ్చి వచ్చేటాల్లకు తడిసి ముద్దయినయి. నేను చీరె కొంగుల ఎత్తుకోని ఉరుకుతుంటె ఆయన గద్దె మీద కూసోని ఫోన్ నాకు చూపిస్తున్నడు. ఇందుల ఎండనే ఉన్నది చూడే అంటడు. గీ మనిషితోని ఏం మాట్లాడమంటవు చెప్పు.

నువ్వుంటె నవ్వేదానివి గదా దీనికి. అప్పట్ల అయితె గోడ అవతలి నుంచే నవ్వేదానివి.

ఎందుకొచ్చినవని అడుగవేంది? అడుగకున్నా చెప్త.

మిరుగం కార్తె పోయింది వదినె. ఆరుద్ర గూడ పోతున్నది. మిరుగం నాడు ఒక్క వాన పడ్డది, నేల పైపైన తడిసింది. ఇగ ఊరు ఊరంత ఆగమయి పత్తిగింజలు పెట్టినం. నేను పెట్టలేదా, నేను గూడ పెట్టిన. చిన్నప్పటి సంది మిరుగంల గింజ పెట్టిన చేతులాయె, ఆగుమంటె ఆగుతయా? పైన తడి, బెత్తెడు కింద పొడి. గింజలు మన్నుల్నే మాడిపోయినయి. ఒక చోట గోరుతోని తీసి చూసిన. పేలాల గింజ తీరు గట్టిగయి ఉన్నది. మల్ల ప్యాకెట్లు తెచ్చిండ్రు, మల్ల పెట్టినం. అవి గూడ గట్లనే.

నా బిడ్డ అమూల్య కాటారం నుంచి ఫోన్ చేస్తది. ఆడ దినాము కొడుతున్నదట. అడివి దిక్కు వాగులు పొర్లి భూపాలపల్లికి బస్సులు బంద్ చేసిండ్రట. నాకేమో ఊర్లె బాయిల మోటరు గాలి పీలుస్తున్నది. అవ్వా, జర మీ దిక్కు తోలాల్నా అంటది నవ్వుకుంట. తోలు బిడ్డా అన్న.

ఇయ్యాల బస్సుల వస్తుంటె గూడ చూసిన. తొర్రూరు దాటినంక ఒక ఊర్లె రోడ్డు పక్కన నీళ్లు నిలవడ్డయి, పిల్లలు కాగితాల పడవలు ఇడుస్తున్నరు. పక్కూరొచ్చేటాల్లకు దుమ్ము. నడుమ ఒక్క కల్వర్టు. కల్వర్టుకు గా దిక్కు వాన, గీ దిక్కు ఎండ. ఏం పాపం చేసిందే గీ దిక్కు?

ఇగ మొన్న ఐతారం ఆడోళ్లందరు నా వాకిట్లకు వచ్చిండ్రు. వాన కోసం కప్పతల్లి ఆడాలె చంద్రమ్మా, నువ్వు లేకుంటె ఎట్ల అన్నరు. నేను లేసి రోకలి కడిగి గోడకు పెట్టిన, గంతే.

ఎన్నేండ్లు మోసినం మనిద్దరం గా రోకలి? యాదికున్నదా? నడుమ గుడ్డల కప్పను కట్టి, యాపరెమ్మలు చుట్టి, ముంగటి కొన నా భుజం మీద, ఎనుక కొన నీ భుజం మీద. ఇంటింటికి పోతె బిందెలకు బిందెలు కప్ప మీద పోసెటోళ్లు, కప్ప మీద పోసినట్టు చేసి మన నెత్తి మీద పోసెటోళ్లు. నీకు సలిపెట్టి పండ్లు కొట్టుకునేటివి. పాట నడుమ నీ పండ్ల చప్పుడు నాకు ఎనుక నుంచి వినబడేది.

మనిద్దరినే ఎందుకు పట్టుకునెటోళ్లో తెలుసు గద. మన ఎత్తు ఒక్కటే. రోకలి సమంగ ఉంటది, కప్ప ఒక దిక్కు జారదు. ఊర్లె ఎవల పక్కన ఎవలను నిలవెట్టి చూసినా మనంత సమంగ రాలేదు. మనకు పెండ్లిండ్లు గాకముందే దేవుడు కొలిచి పెట్టిండని మీ అత్త అనేది.

ఈసారి ఎనుక ఎవలు పట్టాలె? ప్రసూన పడుతదట. ప్రసూన నా చెవు దాకనే ఉంటది, కప్ప పోయి దాని మెడల పడుతది. వద్దన్న. నేను జనగామకు పోయి మా వదినెను తోల్కొస్త, బేస్తారం దాక ఆగుండ్రి అన్న.

ప్రసూన నవ్వింది. రాజేశ్వరక్క వస్తదా, నీ మీద మస్తు కోపమున్నదట గదా అన్నది. అందరు నా దిక్కు చూసిండ్రు.

గా చూపు పట్టుకోనే బస్సెక్కిన నేను.

ఊరందరికి తెలుసు వదినె, నువ్వు నా మీద కోపంగున్నవని. నేను ఎవలకు చెప్పలేదు. చెప్పకుంటనే తెలిసింది. మనిద్దరం మాట్లాడుకోకుంటె ఊరికి తెల్వదా?

పోయినేటి ముచ్చట ఎత్తద్దనుకున్న. కని ఎత్తకుంటె ఎట్ల?

పోయినేడు గూడ గిట్లనే ఎండలేదా? మిరుగం ఎండింది, ఆరుద్ర ఎండింది. మనం ఆడినం. ఇడుస్తందుకు కుంటల నీళ్లు లేకపోతె కప్పను తీసుకపోయి నీ ఇంటి గోలెంల ఇడిశినం. గోలెం మీద తట్ట బోర్లిచ్చి, నువ్వు రోజు పొద్దున తీసి చూసి నాకు చెప్పేదానివి, సుట్టం మంచిగనే ఉన్నదే అని.

పెద్దపుసాల కార్తె దాటింది. చిన్నపుసాలల కొట్టింది చూడు. వానకాలమంత మెల్లమెల్లగ పడవలసింది ఒక్క తాపకు గుమ్మరించింది. పగటీలి బువ్వ తింటున్నం. వాగు ఎప్పుడెక్కిందో, వాడలకు ఎప్పుడొచ్చిందో. నువ్వు మన రెండిండ్ల నడిమి గోడ గూట్ల నుంచి వదినె నీళ్లు, వదినె నీళ్లు అని మొత్తుకున్నవు. నీ చెయ్యి పట్టుకోని బయటికి గుంజింది నేనే గదా. బడి దాక నడుముల నీళ్లల్ల ఇద్దరం చెయ్యి ఇడువలేదు.

బడి వరండల కూసున్నప్పుడు చప్పుడయింది. మన దిక్కు నుంచే. నీ ఇల్లని ఇద్దరికి తెలుసు. ముంగటి అర్ర, ఎనుక అర్ర, కొట్టం, అన్ని కూసున్నయి. నడిమి గోడ ఒక్కటి నిలవడ్డది. దాని ఇవతల నా ఇల్లు నిలవడ్డది. నా ఇల్లు జానెడు మెట్ట మీదున్నది వదినె, గంతే. నేనేం చేసిన? మీ అన్న తాత ఆనాడు మొరం ఎక్కువ పోయించిండు. నా ఇల్లు కూలకపోవుడే నా తప్పాయెనా?

గప్పుడన్నది గదా ప్రసూన. అందరు తడిసి, వణుక్కుంట, ఉప్మా పెట్టే దాక కూసున్నం. ముంగట పట్టుకోని పిలిచింది చంద్రమ్మ, వాన వచ్చి ఎనుక పట్టుకున్నామె ఇల్లు తీసుకపోయింది అన్నది. నవ్వతందుకే అన్నది, పాపం. భయంల ఉన్నోళ్లు దేనికైనా నవ్వుతరు. అందరు నవ్విండ్రు. నేను గూడ నవ్విన. నీ దిక్కు చూసుకుంట నవ్విన, నువ్వు నవ్వుతవని. నువ్వు నవ్వలేదు. చెంపకు చెయ్యి పెట్టుకోని గోడ దిక్కు తిరిగినవు.

తెల్లారి యుగేందర్ ట్రాలీ ఆటో తెచ్చిండు. పెట్టె, బోళ్లు, మంచం ఎక్కిచ్చిండ్రు. నేను సర్వల బువ్వ పట్టుకోని వాకిట్ల నిలవడ్డ. తొవ్వల తింటవని. ఆటో కదిలింది. నువ్వు ఎనుకకు తిరిగి చూడలేదు. మూలమలుపు దాక చూసిన. చూడలేదు.

గా బువ్వ నేనే తిన్న.

చాయ అయిపోయింది, వద్దు, ఇంక పొయ్యకు.

ఇంటి సంగతి చెప్త విను. నీ ఇల్లు పోయినంక నడిమి గోడ బయటి గోడ అయింది. అది వాన కోసం కట్టిన గోడ గాదు వదినె. అటు ఇల్లుండె, ఇటు ఇల్లుండె, దానికి వానంటె తెల్వది. ఇప్పుడు పడమటి జల్లు కొడితె నేరుగ దానికే. మన్ను పెళ్లలు పెళ్లలుగ రాలుతున్నది. నీ దిక్కు నువ్వు పూసిన నీలం సున్నం ఇంక కనబడుతది. దేవుని పటం ఏలాడదీసిన మొల గూడ ఉన్నది. తొవ్వల పోయెటోళ్లందరికి నీ లోపలి అర్ర కనబడుతది, నాకే సిగ్గయితది.

ఇగ గా గూడు. దీపం పెట్టుకునే గూడు. అటు ఇటు తెరిసి ఉండేది, ఒక్క దీపం రెండు అర్రలకు ఎలుగు. ఉప్పు, నిప్పు, చాయపత్త, అన్ని దాంట్లకెళ్లే పోయేటివి. ఇప్పుడు గూట్లకెళ్లి గాలి కొడుతది, జల్లు కొడుతది. మీ అన్న సిమెంటు సంచి కుక్కిండు. పండుకుంటె గా సంచి దిక్కే కండ్లు పోతయి.

ఒక్క మాట అడుగుత. మన వానలు గిట్లుండెనా?

ముసురు యాదికున్నదా నీకు? పుసాలల్ల పట్టిందంటె పట్టినట్టే. పెద్ద వాన గాదు, చిన్న వాన గాదు. సూరు నీళ్లు కారుడే కారుడు. మొగోళ్లు గొంగడి కప్పుకోని గద్దె మీద కూసుంటే బర్లు కొట్టంల ఉండి అరిసేటివి. శేను పని బందు, కూలి బందు. మనకు అదే పండుగ. నువ్వు అటు ఒరిగి కూసునెటిదానివి, నేను ఇటు ఒరిగి కూసునెటిదాన్ని. నడుమ గోడ, గోడల గూడు. నేను సర్వపిండి చేస్తె గూట్లకెళ్లి వేడివేడిగ ఇచ్చేదాన్ని. నువ్వు మక్కపేలాలు ఇచ్చేదానివి. చేతులే కనబడేటివి, మొఖాలు కనబడకపోయేటివి.

ముసురుల చెప్పుకునే మాటలు ఎండల చెప్పుకుంటమా? అమూల్య కంటె ముందు పోయిన నా రెండు కాన్పుల సంగతి నేను ఎవలకు చెప్పిన? మా అవ్వకు గూడ పూర్తిగ చెప్పలేదు. నీకే చెప్పిన, గా గూట్లకెళ్లి. మా రాజయ్యన్న, పోయిన నీ పెనిమిటి, ఆయన నీ మీద చెయ్యి చేసుకునే సంగతి నువ్వు ఎవలకు చెప్పినవు? బయటికి ఒక్క మాట రానీయనిదానివి. ముసురుల చెప్పినవు. సూరు నీళ్ల చప్పుడుల ఇంకెవలకు వినబడదని చెప్పినవు. నువ్వు ఏడుస్తుంటె నేను గూట్ల చెయ్యి పెట్టిన. నువ్వు పట్టుకోని ఎంతసేపున్నవో. నా చెయ్యి తిమ్మిరెక్కింది, కని నేను తియ్యలేదు.

ఇప్పుడు వానొస్తె ఎవలన్న మాట్లాడుకుంటరా? వస్తె ఉరుకుడే. పెట్టె సదురుకో, బర్లను ఇప్పు, బడికి నడువు. లేకపోతె ఎండ. ఎండల పని, పనిల తిట్లు. నడుమ ఆగి కూసునే వానే లేకపాయె.

పోయిన నెల రైతు వేదిక కాడ మీటింగు పెట్టిండ్రు. వ్యవసాయం మేడం వచ్చింది. వాన తగ్గలేదమ్మా అన్నది. ఏడాదికి పడేది ఇంచుమించు అంతే పడుతున్నదట, పడే దినాలే తగ్గినయట. అన్ని దినాలకు పంచి పడెటిది నాలుగు దినాలల్ల పడి పోతున్నదట. గందుకే మిరుగం చూసి గింజ పెట్టకుండ్రి, భూమి మంచిగ నానినంక పెట్టుండ్రి అన్నది. మంచి పిల్ల, ఓపికతోని చెప్పింది. మేమే వినలేదు.

నేను లేసి అడిగిన. ముసురు మల్ల ఎప్పుడొస్తది మేడం అని. అందరు నవ్విండ్రు. మేడం నవ్వలేదు. గది నాకు తెల్వదమ్మా అన్నది.

ఇంటికొచ్చి మస్తు ఆలోచన చేసిన. నువ్వు జనగామకు పోయినంకనే మన మాటలు బందయినయని అనుకుంటున్న గదా. అబద్ధం. నువ్వు గోడ అవతల ఉన్నప్పుడే తగ్గినయి. ముసురు పోయిన కాడికెల్లి తగ్గినయి. మనం చూసుకోలేదు. ఉప్పియ్యి, చాయపత్త ఇయ్యి, గంతే అయింది ఆఖరి ఏండ్లల్ల. పడే దినాలే తగ్గినయన్నది గదా మేడం. నాకు గా మాట ఇంక చెవులల్లనే ఉన్నది.

బతుకమ్మకు గూడ ఆగలేదు వాన. పోయినేడు సద్దుల నాడు కొట్టింది. పత్తి పగిలి శేన్లల్ల నల్లవడ్డది. బతుకమ్మలను బడి వరండల పెట్టి ఆడినం, గునుగు పూల రంగంత కారి నేల మీద పారింది. అందరు జోడు జోడుగ చప్పట్లు కొడుతుంటె నా పక్కన ఎవలు నిలవడ్డరో గూడ నాకు తెల్వదు. నీ తీరు చేతికి చెయ్యి తగలలేదు. నడుమల నుంచి ఇంటికొచ్చిన, కడుపుల నొప్పి అని చెప్పి.

గందుకే వచ్చిన వదినె. కప్పతల్లి ఒక సాకు. వానొస్తదో రాదో నాకు తెల్వది, వచ్చినా యాళ్లకు రాదు, ఎంత రావాల్నో గంత రాదు. కని నువ్వొస్తె రెండు దినాలు నా ఇంట్ల ఉంటవు గదా. గా జాగల రేకులేసుకోని ఒక్క అర్ర కట్టుకుంటె గూడ అయితది. గోడ ఉండనే ఉన్నది. నేను ఒక్కదాన్ని ఉండలేకపోతున్న. ఇంట్ల మనిషున్నా ఒక్కదాన్నే ఉంటున్న.

తిట్టు. తిట్టతందుకే వచ్చిన అనుకో. ముంగట నడిచి వానను పిలిచింది నువ్వే, ఇల్లు పోయింది నాదే అని తిట్టు. మీ ఇల్లెందుకు కూలలేదే అని అడుగు. ఏడాది సంది జవాబులన్ని తయారుజేసుకోని ఉన్న. నువ్వు ఒక్క మాటంటె నేను పది చెప్త, నువ్వు ఏడుస్తె నేను ఏడుస్త, ఇగ అయిపోతది. మాట్లాడు.

ఏందీ?

ఏం కోపమంటవేంది. నా మీద కోపం. ప్రసూన అన్న మాట మీద... ఏ మాటంటవా? బడి వరండల అన్నది, ఇప్పుడే గద చెప్పిన. నీకు యాదికే లేదా?

మరి గప్పుడు చెంపకు చెయ్యి పెట్టుకోని అటు తిరిగినవు గదా. అందరు నవ్వితె నువ్వు నవ్వకపోతివి.

పన్ను నొస్తుండెనా.

దవడ పన్ను. జనగామకొచ్చిన తెల్లారే పీకిచ్చుకున్నవా. ఏది, చూపియ్యి. అవునే, సందు ఉన్నది.

ఏడాది సంది నీ పన్ను నొప్పిని నేను కోపమనుకున్న.

మరి ఆటోల ఎనుకకు చూడలేదు గదా? ఓహో. పెట్టె పడిపోతది పట్టుకోమన్నడా యుగేందర్. రెండు చేతుల పట్టుకున్నవా. నేను నిలవడ్డది కనబడనే లేదా నీకు. బువ్వ తెచ్చిన వదినె, సర్వల. కనబడలేదా. సరే.

ఫోన్ ఎందుకు చెయ్యకపోతివి మరి?

యాది రాకపాయెనా.

లేదు లేదు, నువ్వు చెప్పు, నేనేమనుకోను. చెప్పు. పొద్దంత ఎట్ల పోతదో తెల్వదా ఈడ. కింది ఇండ్ల ఆడోళ్లు మంచోళ్లా. మాపటికి భజన, తర్వాత సీరియలు. మంగళారం గుడి, బేస్తారం గుడి. నువ్వు భజనల పాడుతున్నవా? మంచిది. నీ గొంతు మంచిగుంటది, నాకు తెల్వదా.

ఒళ్లు గూడ చేసినవు. ఇప్పుడు చూస్తున్న సరిగ. మొఖం తేటగయింది. అలిగినామె మొఖం గాదు ఇది, మంచిగ నిద్రపోయినామె మొఖం. రాంగనే చూడవలసింది, చూడలేదు.

ఆఁ? వాన వినబడదా ఈడ? స్లాబు గదా, అవును. కిటికీ ఏస్తె ఏం చప్పుడు రాదా. పొద్దున రోడ్డు తడిసి ఉంటె చూసి, వాన పడ్డట్టున్నది అనుకుంటవా. గదే నీకు మంచిగున్నదా. ఊర్లె చిన్న మొగులు మెరిసినా గుండెల రాయి పడేదా, పెట్టె దిక్కు చూసుకునేదానివా. వాగు ఎక్కక ముందు గూడనా? అన్నేండ్ల సందీ? నాకెన్నడు చెప్పలేదు గదా వదినె.

ముసురుల గూడ భయపడుతనే కూసున్నవా, గోడ అవతల.

నాకు తెల్వది. నేను పేలాలు తినుకుంట కూసున్న.

వద్దులే. రాకు. లేదు, నేను ఏడుస్తలేను, చిక్కుడుకాయ పొట్టు కండ్లల్ల పడ్డది. నీకు రాబుద్ధి గాకపోతె నేనెందుకు గుంజుత? ఇంక వానను పిలువనని నీ నోటితోని నువ్వన్నంక, నేనేమంట? ప్రసూననే పట్టుకోమంటవా. సరే, అంట పో. కప్ప జారితె జారుతది.

లేవకు, లేవకు. కూసో. కూర అక్షిత వచ్చే యాళ్లకు కావాలె గదా. నేను పోత. మెట్లు దిగుడు అలకనే, ఎక్కుడే కష్టం. తొర్రూరు బస్సు ఉంటదట. తిని పో అంటవా? ఆకలయితలేదు. తొవ్వల తింట. ఫోన్ చేస్తవా? చెయ్యి, యాదికొస్తె చెయ్యి.

మంచిగుండు వదినె. కోపం లేదు గదా, ఇంకేం గావాలె. మంచిదే గదా, కోపం లేకపోవుడు.

ఒక్కటి చెప్పి పోత, ఏమనుకోకు. ఏడాది మొత్తం నేను ఏమనుకున్ననో తెలుసా? జనగామల ఒకామె కూసోని పొద్దుమాపు నన్ను తిట్టుకుంటున్నదనుకున్న. రొట్టె చేస్తున్నా, గడ్డి కోస్తున్నా, ఇప్పుడు గూడ నన్ను తిడుతుంటది అనుకునేదాన్ని. బాధనే అయ్యేది. కని ఒక మనిషి మనసుల నేనున్ననని ధీమ ఉండేది.

నీకు కోపం లేదన్న సంగతి ఊర్లె ఎవలకు చెప్పను వదినె. ఇంక కోపంగనే ఉన్నది, మాట్లాడలేదు, మొఖం తిప్పుకున్నది అని చెప్త. గంతన్న ఉండనీ నాకు.